ఆమె అడిగింది బాకీ సొమ్ము

వైద్య పరిశోధనలో ప్రాణం పోగొట్టుకున్న మనిషి భార్య పెన్షన్ కావాలని అడిగినప్పుడల్లా ఆమెకు ఒకే జవాబు ఎదురవుతుంది. ఆ జవాబు చెప్పేవాళ్లు కఠినాత్ములేమీ కారు. పరిశోధన విలువ తెలిసిన డాక్టర్లూ అధికారులూ అంటారు, ఒక్కోసారి పోయినవాడి బంధువులే అంటారు. కాబట్టి ఆ వాదాన్ని దాని బలమైన రూపంలోనే ముందు పెడతాను.

ఆయన తెలిసి ముందుకొచ్చాడు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఆయన చేసింది త్యాగం, త్యాగానికి వెల కడితే అది బేరమైపోతుంది. లోకం ఆయన పేరు తలుచుకుంటుంది, శిలాఫలకం వేస్తుంది. కుటుంబం ఇబ్బందుల్లో ఉంటే దయతో ఎంతో కొంత ఇవ్వవచ్చు గానీ, హక్కుగా అడగడం కుదరదు. హక్కని ఒప్పుకుంటే ప్రతి ప్రయోగం వెనకా దావాలు పడతాయి, పరిశోధనకు డబ్బు పెట్టేవాడు వెనక్కి తగ్గుతాడు, చివరికి మందు అందక నష్టపోయేది రోగులే. ఒకవేళ ఇవ్వాల్సే వస్తే, చావుకు ప్రయోగమే కారణమని అడిగేవాళ్లు రుజువు చేసుకోవాలి.

వినడానికి సబబుగానే ఉంటుంది. ఒక నిజమైన కుటుంబం మీద పెట్టి చూస్తే మాత్రం ఇందులో ఒక్క మాటా నిలబడదు. ఆ కుటుంబం డాక్టర్ జెస్సీ లజీర్‌ది.

1900లో క్యూబాలోని అమెరికా సైన్యాన్ని ఎల్లో ఫీవర్ పీడిస్తోంది. అది ఎలా సోకుతుందో తేల్చడానికి సైన్యం నలుగురు డాక్టర్లతో ఒక కమిషన్ వేసింది: వాల్టర్ రీడ్, జేమ్స్ కారొల్, అరిస్టిడెస్ అగ్రమాంటె, జెస్సీ లజీర్. జ్వరాన్ని మోసేది దోమ అని హవానా డాక్టర్ కార్లోస్ ఫిన్లే 1881 నుంచీ చెబుతున్నాడు గానీ ఎవరూ నమ్మలేదు. దోమల పని మీద చెయ్యి తిరిగినవాడు లజీర్. రోగుల రక్తం తాగించిన దోమలను గాజు గొట్టాల్లో ఉంచి, గొట్టాన్ని మనిషి ముంజేతి మీద బోర్లించి కుట్టించేవాడు. ఆగస్టు 27న కారొల్ అలా కుట్టించుకున్నాడు, చావు అంచుదాకా వెళ్లి బతికాడు. సెప్టెంబర్ 18న లజీర్‌కు జ్వరం తగిలింది. 25న సంధిలో పడి, నల్ల వాంతులతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 34. భార్య మేబెల్ అమెరికాలో ఉంది. ఇద్దరు పిల్లలు. రెండోది కొద్ది వారాల కిందటే పుట్టిన ఆడపిల్ల, తండ్రి ఆ పిల్లను చూడనే లేదు.

ప్రభుత్వం మేబెల్‌కు నెలకు 17 డాలర్ల పెన్షన్ ఇచ్చింది. పిల్లలకు పదహారేళ్లు వచ్చేదాకా తలా 2 డాలర్లు అదనం. మొత్తం 21 డాలర్లు.

1. "తెలిసే వెళ్లాడు"

ఈ వాదానికి మూలస్తంభం ఇదే కాబట్టి ఎక్కువసేపు నిలవాల్సిందీ ఇక్కడే.

లజీర్‌కు తెలుసు, ఒప్పుకుంటాను. ఆయన బాక్టీరియా శాస్త్రం చదివినవాడు, జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసినవాడు. తన చేతి మీద వాలిన దోమ ఏం చేయగలదో ఆ దీవిలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు అరుదు. మరి మేబెల్‌కు? సెప్టెంబర్ 8న ఆయన ఆమెకు ఒక ఉత్తరం రాశాడు. అసలు క్రిమి జాడ తనకు దొరికినట్టే ఉందని, ఇంకా ఎవరికీ చూచాయగా కూడా చెప్పవద్దని అందులో ఉంది. ఆ ఉత్తరం గురించి చరిత్రకారులు పదేపదే చెప్పే మాటలు ఇవే. పదిహేడు రోజుల తర్వాత ఆయన లేడు.

సమ్మతి అనేది ఇచ్చిన మనిషికే వర్తిస్తుంది. నా ఒంటి మీద ప్రయోగం చేసుకోమని నేను ఒప్పుకోవచ్చు. నేను పోతే నా భార్య అద్దె ఎలా కడుతుందో, నా పిల్లలు ఏం తిని పెరుగుతారో అన్న నష్టాన్ని నేను వాళ్ల తరఫున మాఫీ చేయలేను. అది నాది కాదు గనుక. "తెలిసే వెళ్లాడు" అనేవాళ్లు ఒక మనిషి సంతకాన్ని తీసుకుని నలుగురి నష్టాన్ని రద్దు చేస్తున్నారు. ఏ అప్పు పత్రం మీదా ఇలాంటి లెక్క చెల్లదు.

ఇందులో ఇంకో వల ఉంది. లజీర్ ఎలా జబ్బుపడ్డాడన్న దానికి రెండు కథనాలున్నాయి. కమిషన్ తన నివేదికలో ప్రకటించిన దాని ప్రకారం సెప్టెంబర్ 13న లాస్ అనిమాస్ ఆస్పత్రిలో ఆయన రోగుల దగ్గర పనిలో ఉండగా ఎక్కడిదో ఒక దోమ వచ్చి చేతి వెనుక వాలింది. అంతకుముందు ప్రయోగపు దోమ కుట్టినా ఏమీ కాలేదు కాబట్టి, ఇది కడుపు నింపుకునేదాకా ఆయన కదలకుండా ఉండిపోయాడు. రెండో కథనం ఆయన చిన్న నోట్‌బుక్ నుంచి పుట్టింది. అందులోని రాతలు చూసినవాళ్లు, ఆయన కావాలనే తనమీద తానే ప్రయోగం చేసుకున్నాడని అనుమానించారు. అది బయటపడితే జీవిత బీమా సొమ్ము కుటుంబానికి రాకుండా పోతుందేమోనని యాదృచ్ఛికం అన్న మాటకే స్నేహితులు కట్టుబడి ఉండొచ్చని తర్వాతి పరిశోధకులు కొందరు భావించారు. ఏది నిజమో తేలలేదు.

ఈ రెండింటి మధ్య భార్య ఎక్కడ నిలబడాలి? కావాలనే కుట్టించుకున్నాడంటే, తెలిసి చేశాడు గనుక మాకు సంబంధం లేదంటారు. అనుకోకుండా కుట్టిందంటే, అది ప్రయోగమే కాదు, ఆ ఊళ్లో ఎవరినైనా కుట్టే దోమే అంటారు. ధైర్యం చేసినా ఓడేది ఆమే, ప్రమాదం జరిగినా ఓడేది ఆమే. ఏ వైపు నుంచి వచ్చినా ఒకే మనిషిని ఓడించే వాదం న్యాయం కోసం పుట్టింది కాదు. ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకుని, కారణాన్ని తర్వాత వెతుక్కున్న వాదం అది.

తెలిసి ఒప్పుకున్నవాడి సంగతే ఇలా ఉంటే, తెలియకుండా ఒప్పుకున్నట్టు కాగితం పుట్టించినప్పటి సంగతి మన దగ్గరే ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. అక్కడ జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, ఆ టీకా ఇవాళ ఎన్నో దేశాల్లో ప్రాణాలు కాపాడుతోంది. నేను ఎత్తి చూపేది టీకాను కాదు, సంతకాలను. విచారణ కమిటీ పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టిన సంతకాలు. కన్నతల్లికి చూపించని కాగితం మీద వార్డెన్ సంతకం ఉంటే, ఎవరికి తెలిసి ఎవరు వెళ్లినట్టు?

2. "గౌరవించాం కదా"

లజీర్‌కు గౌరవం దక్కింది. ఆయన పోయిన రెండు నెలలకే, హవానా శివార్లలో వేసిన ప్రయోగ శిబిరానికి క్యాంప్ లజీర్ అని పేరు పెట్టారు. బాల్టిమోర్ రేవు రక్షణకు కట్టిన ఒక ఫిరంగి స్థావరానికి ఆయన పేరు పెట్టారు. జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో శిలాఫలకం వేశారు. సైనికుడి ధైర్యాన్ని మించిన ధైర్యంతో ప్రాణమిచ్చాడన్నది దాని మీది మాటల సారాంశం.

ఇప్పుడు ఆ ఫలకం పక్కనే పెన్షన్ కాగితం పెట్టండి. 17 డాలర్లంటే అప్పటి రేట్లలో ఒక లెఫ్టినెంట్ వితంతువుకు ఇచ్చే మొత్తం. లజీర్ కమిషన్డ్ ఆఫీసరు కాదు, కాంట్రాక్టు మీద పనిచేసిన డాక్టరు. ఏ వరుసలోనో చేర్చాలి గనుక ఆ వరుసలో చేర్చారు. రాతి మీద సైనికుడికంటే ఎక్కువ, ఖజానా పుస్తకంలో చిన్న ఆఫీసరుతో సమానం. ఆ రెండింటిలో ఇంటి బియ్యం బస్తాకు పనికొచ్చేది రెండోదే.

గౌరవం వద్దని ఎవరూ అనడం లేదు. గౌరవం పొందేది పోయినవాడి పేరు, దాన్ని చూసి గర్వించేది సంస్థ. ఆస్పత్రి గోడ మీది ఫలకం ఆస్పత్రి ప్రతిష్ఠను కూడా పెంచుతుంది. ఫలకం వేయడం తప్పు కాదు. దాన్ని వితంతువు ఖాతాలో జమ రాసి, ఇక ఆమెకు ఇవ్వాల్సింది ఏమీ లేదనడం తప్పు.

3. "డబ్బు అడిగితే త్యాగం మైలపడుతుంది"

ఈ మాట అనేవాళ్లు క్యాంప్ లజీర్‌లో వాడిన ఒప్పంద పత్రాన్ని చదవాలి. వైద్య ప్రయోగాల చరిత్రలో రాతపూర్వక సమ్మతికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా దాన్ని చూపిస్తారు. ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ ఉండేది. అప్పుడే స్పెయిన్ నుంచి వలస వచ్చిన యువకులు దాని మీద సంతకం చేశారు. ప్రయోగం పూర్తయితే 100 డాలర్ల బంగారు నాణేలు, జ్వరం వస్తే మరో 100. ఆ తర్వాత ఇంకో షరతు ఉంది: ఈ జబ్బుతో చనిపోతే ఆ 200 డాలర్లను అతను చెప్పిన మనిషికి కమిషన్ అందజేస్తుంది.

అదే కమిషన్, అదే సంవత్సరం, తమ సహచరుడిని పాతిపెట్టిన కొద్ది వారాలకే ఈ షరతు రాసుకుంది. ప్రయోగంలో మనిషి పోతే వెనక మిగిలినవాళ్లకు ఇవ్వాల్సింది ఉంటుందని వాళ్లు గ్రహించారు. గ్రహించి, కాగితం మీద పెట్టారు. అందువల్ల ఆ ప్రయోగాలు మైలపడ్డాయని ఈ నూట పాతికేళ్లలో నేను ఎక్కడా చదవలేదు. క్యాంప్ లజీర్ ప్రయోగాలను ఇవాళ్టికీ వైద్య విద్యార్థులకు పాఠంగా చెబుతున్నారు.

జాన్ మోరన్, జాన్ కిసింజర్ అనే ఇద్దరు వాలంటీర్లు డబ్బు వద్దన్నారని ఎదురు చెబుతారు. నిజం, వాళ్లు వద్దన్నారు, అది గొప్ప సంగతి. వద్దనే అధికారం వాళ్లకుంది, డబ్బు వాళ్లదే గనుక. నెలల పసిబిడ్డ తరఫున వద్దనే అధికారం ఎవరికుంది? కిసింజర్ తర్వాతి జీవితమూ గుర్తుంచుకోవాలి. ఆయన ఆరోగ్యం దెబ్బతిని పని చేసుకోలేని స్థితికి వచ్చాడు, చివరికి ప్రభుత్వ పెన్షన్ మీదే ఆధారపడాల్సి వచ్చింది. మొదటిరోజు వద్దన్న డబ్బు తర్వాత అవసరమైంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

డబ్బు అడగడం శాస్త్రవేత్తకు చిన్నతనమైతే మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌ను ఏమనాలి? ఆయన బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నాడు. 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు మంజూరయ్యాయి. సికింద్రాబాద్‌లో మలేరియా దోమ గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ కూడా, తన పరిశోధన వల్ల తనకు జరిగిన ఆర్థిక నష్టానికి పరిహారం కావాలని, జెన్నర్ ఉదాహరణ చూపించి మరీ బ్రిటిష్ ప్రభుత్వాన్ని అడిగాడు. ప్రభుత్వం ఇవ్వలేదు. అయినా ఆయన అడిగినందుకు ఆయన శాస్త్రం చిన్నబోయిందని ఎవరూ రాయలేదు. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న భవనానికి ఇప్పటికీ గౌరవంగానే వెళ్లి చూస్తాం.

రాస్ దగ్గర దోమల చేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగి కూడా ఆ కథలో ఉన్నాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ఇచ్చారు. 1897 ఆగస్టు 20న రాస్ సూక్ష్మదర్శినిలో చూసిన దోమ కడుపులో ఉన్నది ఆ మనిషి రక్తమే. పరిశోధకుడు తన లెక్క తాను అడిగాడు, అది ధర్మమే. కుట్టించుకున్నవాడి లెక్క పది అణాలతో ముగిసింది. త్యాగానికి వెల కట్టకూడదన్న సూత్రం ఎప్పుడూ కింద ఉన్నవాళ్ల మీదే అమలవుతుంది. పైవాడు అడిగితే దాన్ని గుర్తింపు అంటారు, వితంతువు అడిగితే బేరం అంటారు.

4. "ఇలా ఇస్తూ పోతే పరిశోధన సాగదు"

ఇది కొంచెం గట్టి అభ్యంతరమే. లెక్కల్లోకి దిగుదాం.

లజీర్ మరణం, ఆ తర్వాత క్యాంప్ లజీర్ ప్రయోగాలు దోమ సంగతిని రుజువు చేశాయి. 1901 మొదట్లో అమెరికా సైనిక డాక్టర్ గోర్గస్ హవానాలో దోమల నిర్మూలన మొదలుపెట్టాడు. నీటి తొట్లకు మూతలు వేయించాడు, నిల్వ నీటి మీద కిరోసిన్ పోయించాడు, రోగుల గదులకు జాలీలు కొట్టించాడు. ఒకటిన్నర శతాబ్దం పాటు ఆ నగరాన్ని వదలని జ్వరం ఆ సంవత్సరం సెప్టెంబర్ నాటికి మాయమైంది. ఇదే పద్ధతితో పనామాలోనూ ఎల్లో ఫీవర్‌ను అదుపు చేశారు. అంతకుముందు ఫ్రెంచివాళ్లు తవ్వబోయి, జబ్బులకూ ప్రమాదాలకూ ఇరవై వేలమందికి పైగా బలిచ్చుకుని వదిలేసిన కాలువను అమెరికా 1914లో తెరిచింది. ఓడల కంపెనీలు లాభపడ్డాయి, అమెరికా వాణిజ్యం లాభపడింది, సైన్యం లాభపడింది. ఆ లాభానికి మొదటి పునాది రాయి వేసినవాడి ఇంటికి నెలకు 21 డాలర్లు. మామూలు వాలంటీరు ఒకడు జ్వరం తెచ్చుకుంటే వచ్చే 200 డాలర్లు మేబెల్ కుటుంబానికి తొమ్మిదిన్నర నెలల పెన్షన్.

ఆమె పక్షాన ప్రయత్నాలు ఏళ్ల తరబడి సాగాయి. 1906 చివర్లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ పరిశోధకుల సేవలను వివరించే నివేదికను కాంగ్రెస్‌కు పంపాడు. 1907లో కారొల్ కూడా గుండెజబ్బుతో చనిపోయాడు. 1908లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి, కారొల్ భార్యకూ లజీర్ భార్యకూ నెలకు 125 డాలర్ల చొప్పున ఇచ్చింది. అంటే ఎనిమిదేళ్ల తర్వాత, భార్యకు మొదట ఇచ్చిన 17 డాలర్లకు ఏడు రెట్లకు పైగా. 125 ఇచ్చినందుకు అమెరికాలో వైద్య పరిశోధన కుంటుపడిందా? ఆ తర్వాతి శతాబ్దంలో ఆ రంగంలో ముందు వరుసకు ఎదిగింది ఆ దేశమే.

ఇప్పుడు మన దేశానికి రండి. 2005 నుంచి 2012 దాకా 475 కొత్త మందుల ట్రయల్స్‌లో 2,644 మంది చనిపోయారని, వాటిలో 80 మరణాలకు ట్రయల్ కారణమని కేంద్రం 2013లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ ఏడాదే పరిహారం నియమాలు వచ్చాయి. కొత్త ట్రయల్స్ తగ్గిన మాట నిజం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలోని దాదాపు 40 ట్రయల్స్ ఆగిన మాటా నిజం. మొదటి నియమాల్లో అస్పష్టత ఉంది, తర్వాత సవరించారు. ఇదంతా ఒప్పుకుంటూనే ఒకటి అడుగుతాను. 2,644లో ట్రయల్ వల్ల పోయినవాళ్లు 80 మందేనని కేంద్రం లెక్కే చెబుతోంది. కోట్ల రూపాయల మందును బజారుకు తెచ్చే సంస్థ ఎనిమిదేళ్లలో 80 కుటుంబాల బాధ్యత మోయలేదంటే, ఆ మందు చవగ్గా తయారైనట్టు కాదు. దాని ఖర్చులో కొంత భాగం ఎక్కడో ఒక ఇంట్లో వంట మానేసి కట్టినట్టు. ఖర్చు పోలేదు, చేతులు మారిందంతే.

పరిశోధన ఆగిపోతుందని భయపెట్టేవాళ్లు ఇంకో సంగతి మర్చిపోతారు. ట్రయల్స్ నడిచేది నమ్మకం మీద. పక్క వీధిలో మనిషి పోతే అతని భార్యను గేటు దగ్గరే నిలబెట్టారని తెలిసిన ఊళ్లో రేపు ఎవరు ముందుకొస్తారు? అప్పుడు వచ్చేది గత్యంతరం లేనివాడే. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాదులో మందు పరీక్షలకు తీసుకెళ్లిన ఉదంతం బయటపడినప్పుడు, వాళ్లు శాస్త్రం మీద ప్రేమతో వెళ్లారని ఎవరూ అనలేదు. నాలుగు డబ్బులు వస్తాయని వెళ్లారు. అలాంటివాళ్ల గురించి "త్యాగానికి వెల కట్టకూడదు" అనడం క్రూరం.

5. "అయితే రుజువు చేసుకోమనండి"

మిగతా వాదాలన్నీ పడిపోయాక చివరికి ఇక్కడికి చేరతారు. వితంతువులు ఓడిపోయేది కూడా ఎక్కువగా ఇక్కడే.

లజీర్ నోట్‌బుక్ గురించి చెప్పాను. ఏ రోజు ఏ దోమ ఎవరిని కుట్టిందో ఆయన అందులో రాసుకున్నాడు. ఆయన పోయాక అది వాల్టర్ రీడ్ చేతికి చేరింది. 1902లో రీడ్ కూడా చనిపోయాడు. ఆ తర్వాత ఆ నోట్‌బుక్ కనిపించకుండా పోయింది. ఎవరో దాచారని నేను అనడం లేదు. మనిషి ఎలా చనిపోయాడో చెప్పే ఏకైక కాగితం కూడా ప్రయోగం చేసినవాళ్ల దగ్గరే ఉంటుందని, భార్య దగ్గర ఉండదని మాత్రమే అంటున్నాను. ఆ కాగితం పోతే పోయింది ఆమె రుజువు.

మన 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ చదివితే ఒక మంచి, ఒక చెడ్డ రెండూ కనబడతాయి. మంచి ఏమిటంటే పరిహారానికి ఒక సూత్రం ఉంది. 8 లక్షల మూల మొత్తాన్ని వయసును బట్టి ఒక అంకెతో, రిస్కును బట్టి 0.5 నుంచి 4 దాకా ఒక అంకెతో గుణించి 99.37తో భాగిస్తారు. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడు చనిపోతే అది దాదాపు 67 లక్షలవుతుంది. దయాదాక్షిణ్యాలతో పని లేకుండా లెక్క ప్రకారం ఇవ్వాలన్న సూత్రాన్ని ప్రభుత్వమే ఒప్పుకుంది కాబట్టి, "హక్కు కాదు, దయ" అనేవాళ్ల వాదం మన చట్టంలోనే ఓడిపోయింది.

చెడ్డ ఏమిటంటే ఆ సొమ్ము చేతికి రావాలంటే మరణం ట్రయల్ వల్లనే అని తేలాలి. ట్రయల్ నడిపిన డాక్టరు, డబ్బు పెట్టిన సంస్థ 14 రోజుల్లో తమ నివేదికలు ఇస్తారు. ఎథిక్స్ కమిటీ 30 రోజుల్లో తన అభిప్రాయం చెబుతుంది. లైసెన్సు అధికారి 90 రోజుల్లో నిర్ణయిస్తారు. తుది మాట ప్రభుత్వానిదే, అవసరమైతే నిపుణుల కమిటీ కూడా ఉంటుంది, బాగానే ఉంది. కానీ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో వితంతువు కాగితం ఏది? భర్త ఇంటికొచ్చాక మూడో రోజు రాత్రి నుంచి ఆయాసపడ్డాడన్న సంగతి, ఫోన్ చేస్తే మామూలే అన్నారన్న సంగతి ఎవరు రాస్తారు? పోస్ట్‌మార్టం అడగాలని ఆమెకు ఎవరు చెబుతారు?

సమ్మతి పత్రాన్నే చూడండి. పాల్గొనే మనిషి పేరు, పుట్టిన తేదీ, చదువు, వృత్తి, ఏడాది ఆదాయం రాయాలి. దాని కింద నామినీ పేరు, చిరునామా, సంబంధం రాసే గడి ఉంటుంది, ట్రయల్ వల్ల మరణిస్తే పరిహారం ఎవరికివ్వాలో తెలియడానికి. ఆ గడిలో భార్య పేరు పడుతుంది. సంతకాలు మాత్రం పాల్గొనేవాడివి, డాక్టరువి, అవసరమైతే సాక్షివి. నామినీ సంతకం అక్కర్లేదు. తన పేరు ఆ కాగితం మీద ఉందన్న సంగతి ఆమెకు తెలిసి తీరాలన్న నియమం లేదు. మేబెల్‌కు తెలియకపోవడం 1900లో ఒక ఇంటి దురదృష్టం. ఇవాళ దాన్ని ఫారంలోనే అచ్చు వేసి పెట్టారు.

2018లో వచ్చిన ముసాయిదాలో ఒక మంచి నిబంధన ఉండేది. మరణం జరిగిన పదిహేను రోజుల్లో పరిహారంలో 60 శాతం ముందు ఇచ్చేయాలి, తర్వాత కారణం వేరని తేలినా ఆ సొమ్ము తిరిగి అడగకూడదు. పరిశ్రమ గగ్గోలు పెట్టింది. 2019లో తుది నియమాలు వచ్చేసరికి ఆ నిబంధన లేదు. అందరికంటే ముందు డబ్బు అవసరమయ్యే మనిషి అందరికంటే చివర్లో నిలబడాలని దాని అర్థం.

మొత్తంగా ఒకేసారి ఇచ్చే సొమ్ము పెన్షన్ కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్యాక్టరీలో ఈఎస్ఐ ఉన్న కార్మికుడు పనిలో ప్రమాదం జరిగి చనిపోతే అతని జీతంలో 90 శాతం కుటుంబానికి నెలనెలా వస్తుంది. అందులో అయిదింట మూడు వంతులు భార్యకు, అది జీవితాంతం, లేదా ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకా. యంత్రం దగ్గర పోయినవాడి భార్యకు ఉన్న ఆ భరోసా, కొత్త మందు మింగి పోయినవాడి భార్యకు లేదు. చేతికొచ్చిన లక్షలను మరుదుల నుంచి, అప్పులవాళ్ల నుంచి కాపాడుకోలేని ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో అందరికీ తెలుసు. పసిపిల్ల డిగ్రీకి వచ్చేదాకా ఇరవై ఏళ్లు నడవాల్సిన ఇల్లు అది.

కాబట్టి ఈ బాకీ తీర్చే పద్ధతి మారాలి. ట్రయల్ నడుస్తుండగా, లేదా ఆ మందు ప్రభావం ఉండే కాలంలో మనిషి చనిపోతే, వేరే కారణమని సంస్థ రుజువు చేసేదాకా ట్రయల్ వల్లనే పోయినట్టు లెక్కించాలి. రికార్డులన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి గనుక రుజువు బరువూ వాళ్లదే. 60 శాతం ముందస్తు నిబంధనను తిరిగి నియమాల్లోకి తేవాలి. సమ్మతి పత్రం మీద నామినీ సంతకం తప్పనిసరి చేయాలి, ఆమెకు తెలుగులో ఒక ప్రతి ఇవ్వాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలో, పోస్ట్‌మార్టం ఎలా అడగాలో అందులో ఉండాలి. పరిహారంలో సగమైనా ఈఎస్ఐ తరహాలో నెలవారీ పెన్షన్‌గా మార్చాలి. ఆ పెన్షన్‌కు కావాల్సిన సొమ్మును ట్రయల్‌కు అనుమతి ఇచ్చే రోజునే ప్రభుత్వ నిధిలో జమ కట్టించాలి. అది కట్టలేమన్న సంస్థకు మనిషి ఒంటి మీద మందు పరీక్షించే అనుమతి ఇవ్వకూడదు.